మెహమాన్ ఎన్ని రోజులు మెహమాన్?

మా నానీ ఒక మాట అంటుండేది. "మెహమాన్ మూడు రోజులు మెహమాన్. నాలుగో రోజు నుంచి ఇంట్లో ఏదో ఒక పని చెప్పు, లేదంటే సామాన్ సర్దిపెట్టు." కడపలో మా ఇల్లు చిన్నది, చుట్టాలు ఎక్కువ. మా నానీ ఎవర్నీ ఖాళీ కడుపుతో పంపింది లేదు. దస్తర్‌ఖాన్ పరిచిందంటే కూర తక్కువైనా ప్రేమ తక్కువయ్యేది కాదు. కానీ ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడు పోతారు అనే హిసాబ్ మాత్రం ఆమె వేళ్ళ మీద ఉండేది.

మొన్న మా ఖాలా కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆమె మాట గుర్తొచ్చింది. వాడు ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన డార్విన్ ఊళ్ళో ట్యాక్సీ నడుపుతాడు. "గిరాకీ ఎట్లుంది రా?" అంటే, "అమెరికా ఫౌజోళ్ళు వచ్చేశారు భయ్యా, ఇంక అక్టోబర్ దాకా ఫికర్ లేదు" అన్నాడు. ప్రతి ఏడాది అంతేనట. వానలు తగ్గగానే వస్తారు, మళ్ళీ వానల ముందు పోతారు. మరుసటి ఏడాది ఇంకో జట్టు. "వాళ్ళ క్యాంపా అక్కడ?" అని అడిగితే నవ్వాడు. "క్యాంపు కాదు భయ్యా, రొటేషన్ అంటారు. ట్రైనింగ్ కోసం వచ్చిపోతుంటారు."

ఈ రొటేషన్ అనే లఫ్జ్ మీదే నా జగడా.

ముందు సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 2011 నవంబర్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామా ఆస్ట్రేలియా వెళ్ళాడు. అప్పటి ప్రధాని జూలియా గిలార్డ్‌తో కలిసి ఒక ఏలాన్ చేశాడు. అమెరికా మెరైన్లు ఏటా ఆరు నెలలు డార్విన్‌లో ఉండి ఆస్ట్రేలియా ఫౌజుతో కలిసి తాలీమ్ తీసుకుంటారు అని. 2012లో మొదటి జట్టు వచ్చింది, 200 మంది. 2019 వచ్చేసరికి ఆ లెక్క 2,500. కరోనా ఏడాది ప్రపంచమంతా తలుపులు మూసుకుని కూర్చుంది, అప్పుడు కూడా ఆలస్యంగానైనా, తక్కువ మందితోనైనా వచ్చారు. ఊరి జనాభా చూస్తే లక్షన్నర లోపే.

ఇంకో మాట. 2014 ఆగస్టులో రెండు ముల్కులూ కరార్‌నామా రాసుకున్నాయి. ముద్దతు 25 ఏళ్ళు. ఒప్పుకున్న స్థలాల్లో అమెరికా ఫౌజు అడ్డు లేకుండా తిరగొచ్చు, వాడుకోవచ్చు. ఆయుధాలు, సామాన్ ముందే తెచ్చి నిల్వ పెట్టుకోవచ్చు. అయినా ఆస్ట్రేలియా హుకూమత్ ఒకటే పాట పాడుతుంది: మా జమీన్ మీద పరాయి ఫౌజు స్థావరం లేదు.

ఇది ఎట్లాంటి మాటంటే, మా కడప నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో కండక్టర్ రోజూ మారతాడు కాబట్టి ఆ దారిలో బస్సే లేదు అన్నట్టు. మనిషి మారతాడు, భాయ్. బస్సు మారదు. ఆరు నెలలకొకసారి సిపాయి ఇంటికి పోతాడు. ఫౌజు పోదు. కిరాయి ఇంట్లో కిరాయిదార్లు మారినంత మాత్రాన ఇల్లు ఖాళీగా ఉందని అనం కదా!

లఫ్జుల గురించి ఇంత తకరార్ ఎందుకు అని మీరు అడగొచ్చు. స్థావరం అంటే అవామ్ లేచి అడుగుతుంది. ఎన్నేళ్ళు? ఎవరి ఖర్చు? నేరం జరిగితే ఎవరి అదాలత్? ఇక్కడి నుంచి జంగ్‌కు పోతే మమ్మల్ని అడుగుతారా? రొటేషన్ అంటే ఈ సవాళ్ళు పుట్టవు. వచ్చిపోయేవాళ్ళను ఎవరడుగుతారు? అందుకే ఈ లఫ్జ్ కనిపెట్టారు. అది అబద్ధం కాదు, నిజం మీద కప్పిన దుప్పటి.

ఆ తీరానికి ఇంకో రకం మెహమాన్లు కూడా వచ్చేవాళ్ళు, తెలుసా? ఇప్పటి ఇండోనేషియాలోని సులవేసి దీవి, అక్కడి మకస్సర్ రేవు నుంచి ముసల్మాన్ పడవవాళ్ళు. మెరైన్లకు వంద, రెండు వందల ఏళ్ళ ముందు. సముద్రపు దోసకాయ అనే జీవిని పట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి చైనాకు అమ్మేవాళ్ళు. డిసెంబర్‌లో వాయవ్య గాలి మీద వచ్చి, ఏప్రిల్‌లో ఆగ్నేయ గాలి మీద వాపసు పోయేవాళ్ళు. అక్కడి ఆదివాసీలతో బేరం, దోస్తీ, అప్పుడప్పుడూ కొట్లాట, కొన్నిచోట్ల రిష్తేదారీ కూడా. యోల్ఙు వాళ్ళ భాషలో ఇప్పటికీ డబ్బును రుపియా అంటారు. మన రూపాయే! అంత దూరం నడిచి పోయింది. వాళ్ళూ ఏటా వచ్చారు, ఏటా పోయారు. తోపులు దాచిపెట్టుకోలేదు, 25 ఏళ్ళ కరారు రాయించుకోలేదు. 1907తో ఆ రాకపోకలు బంద్ అయ్యాయి. ఎవరు చేశారు? దక్షిణ ఆస్ట్రేలియా హుకూమతే, లైసెన్సులు ఆపేసి. వ్యాపారం చేసుకునే మెహమాన్ వద్దనిపించింది అప్పుడు. ఇప్పుడు తుపాకీ మెహమాన్ ముద్దొస్తున్నాడు. ఆ జమీన్ అసలు హక్కుదార్లను రెండుసార్లూ ఎవరూ అడిగింది లేదు.

ఇప్పుడు నన్ను తిట్టేవాళ్ళ వంతు. వాళ్ళ మాట కూడా ఇన్సాఫ్‌గా వినాలి.

మొదటి మాట: "డార్విన్ మీద 1942 ఫిబ్రవరి 19న జపాన్ బాంబులేసింది. వందల మంది పోయారు. ఆ ఖౌఫ్ నీకేం తెలుసు? పెద్ద దోస్తు పక్కన ఉంటే తప్పేంటి?" ఖౌఫ్ నిజమే. నేను కాదనను. రెండు ఫౌజులు కలిసి సాధన చేయకుండా ఆపద రోజున కలిసి పనిచేయలేవు, అది కూడా నిజమే. ఒకరి రేడియో ఇంకొకరికి అర్థం కావాలి. ఒకరి హెలికాప్టర్ ఇంకొకరి ఓడ మీద దిగగలగాలి. తుఫాను వచ్చినా, సునామీ వచ్చినా అదే పనికొస్తుంది. కలిసి తాలీమ్ తీసుకోవడం మీద నాకు షికాయత్ లేదు. నెల రోజులు రా, నేర్చుకో, నేర్పు, దావత్ తిను, వెళ్ళు. తాలీమ్ పేరు మీద కాపురం పెట్టడం మీదే నా షికాయత్.

రెండో మాట మా ఖాలా కొడుకుది: "వాళ్ళొస్తే నా రోజీ, భయ్యా. నువ్వు కడపలో కూర్చుని రాస్తావు, నా ఈఎంఐ నువ్వు కడతావా?" దీనికి నా దగ్గర సులువైన జవాబ్ లేదు. వాడి రొట్టె మీద నేను దుమ్ము పోయలేను. కానీ ఆరు నెలల ఫౌజు మీద బతికే ఊరు మెల్లగా ఫౌజును అడగటం మానేస్తుంది. గిరాకీని ఎవరు సవాల్ అడుగుతారు? తమాషా చూడండి. అదే ఊరి రేవును 2015లో 99 ఏళ్ళకు ఒక చైనా కంపెనీకి లీజుకిచ్చారు, 506 మిలియన్ ఆస్ట్రేలియా డాలర్లకు. ఒక పక్క చైనా లీజు, ఒక పక్క చైనాను భయపెట్టే ఫౌజు. పైసా ముందు మాట్లాడితే ముల్కు తర్వాత మాట్లాడుతుంది, అంతే.

మూడో మాట: "ఇంతకీ నష్టమేంటి?" చెప్తాను.

నష్టం ఒకటి, ఇన్సాఫ్. 1998 ఫిబ్రవరి 3న ఇటలీ కొండల్లో అమెరికా మెరైన్ల విమానం ఒకటి తాలీమ్‌లో మరీ కింద ఎగిరి, కవలేజె దగ్గర కేబుల్ కారు తీగను తెంపింది. 20 మంది కింద పడి చచ్చారు. ముకద్దమా ఎక్కడ నడిచింది? ఇటలీలో కాదు, అమెరికాలో, వాళ్ళ ఫౌజీ అదాలత్‌లో. చావుల ఇల్జామ్ నుంచి పైలట్ బరీ అయ్యాడు. కెన్యాలో నాన్యుకీ ఊరి దగ్గర బ్రిటన్ ఫౌజు ఏళ్ళ తరబడి ఇట్లాగే బ్యాచులు బ్యాచులుగా తాలీమ్‌కు వస్తుంది. 2012లో అక్కడ ఒక యువతి మాయమైంది. పసిబిడ్డ తల్లి. రెండు నెలల తర్వాత ఒక హోటల్ సెప్టిక్ ట్యాంకులో ఆమె లాష్ దొరికింది. చంపింది బ్రిటన్ సిపాయి ఒకడో ఇద్దరో అని కెన్యా న్యాయమూర్తి తేల్చింది 2019లో. అరెస్టు వారెంటు వచ్చింది 2025లో. పదమూడేళ్ళు! ఆ బిడ్డ పెద్దదైపోయింది. రొటేషన్ అంటే ఇది కూడా. బ్యాచ్ మారిపోయింది, గవాహీ చెప్పేవాళ్ళు సముద్రం దాటిపోయారు, ఫైలు మాత్రం నాన్యుకీలో మిగిలింది.

నష్టం రెండు, జంగ్. 1973 అక్టోబర్‌లో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం జరుగుతుంటే అమెరికా తన బలగాలను అలర్ట్ చేసింది. ఆస్ట్రేలియా పడమటి కొసన నార్త్ వెస్ట్ కేప్‌లో ఉన్న అమెరికా కేంద్రం కూడా అలర్ట్‌లోకి పోయింది. ఇంటి యజమాని గఫ్ విట్లమ్, అంటే ఆ దేశ ప్రధాని, ఆయనకే ముందు ఖబర్ లేదు. మీ ఇంట్లో దిగిన మెహమాన్ మీ మిద్దె ఎక్కి పక్క వీధివాడి మీద తుపాకీ ఎక్కుపెడితే, తిరిగి వచ్చే గోలీ ఎవరి గోడకు తగులుతుంది? పోయేవాడు పోతాడు, గోడ మీది.

నష్టం మూడు, ప్రాణాలు. వాళ్ళవి కూడా. 2023 ఆగస్టు 27న డార్విన్‌కు ఉత్తరాన మెల్విల్ దీవి మీద ఓస్ప్రే విమానం కూలింది. తాలీమే. 23 మందిలో ముగ్గురు చనిపోయారు. ఆ సిపాయిల మీద నాకు పగ లేదు, ఎందుకుంటుంది? ఏదో ఊళ్ళో ఏదో అమ్మ కొడుకులు. వాళ్ళను పంపినవాళ్ళ హిసాబ్ అడుగుతున్నాను.

"అరే, అమెరికా ఆస్ట్రేలియా గొడవ కడపవాడికెందుకు?" అంటారా? కడపవాడికి కాకపోతే ఇంకెవరికి భాయ్!

మా సీమ పోయిందే దోస్తు ఫౌజు జీతం కింద. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్ట్ ఇండియా కంపెనీతో కరారు చేసుకున్నాడు. ఆరు పటాలాలు హైదరాబాద్‌లో ఉంటాయి, జీతభత్యాల కింద ఏటా 24 లక్షల రూపాయల పైచిలుకు నిజాం కట్టాలి. మరాఠాలంటే ఖౌఫ్, టిప్పు అంటే ఖౌఫ్. పెద్ద దోస్తు పక్కన ఉంటే తప్పేంటి అనుకున్నాడు. అప్పటిదాకా ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన సొంత పటాలాలను రద్దు చేసుకున్నాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 1800లో, నగదు కట్టే బదులు జమీన్ రాసిచ్చాడు. బళ్ళారి, అనంతపురం, కడప. మునుపు మైసూరు వాటాల్లో వచ్చిన ఇలాఖాలన్నీ. ఇచ్చేశాడు కాబట్టి దత్త మండలాలు అన్నారు. 1928లో రాయలసీమ అని పేరు పెట్టుకునేదాకా మా జిల్లాల పేరే అది. ఒక కరార్‌నామా పేరు మీద మా తాతల తాతలు పుట్టి పెరిగారు. ఇచ్చినప్పుడు కడప రైతును ఎవరైనా అడిగారా? ఏ దివాణంలోనో సంతకం పడింది, ఇక్కడ థామస్ మన్రో జమాబందీకి దిగాడు.

కథ అక్కడ ఆగలేదు. ఆ ఫౌజు చాలదని ఇంకో ఫౌజు పుట్టింది, హైదరాబాద్ కంటింజెంట్ అని. అధికారులు ఇంగ్లీషువాళ్ళు, జీతం నిజాం ఖజానాది. బకాయిలు పెరిగాయి. 1853లో డల్హౌసీ ఆ అప్పు కింద బేరార్‌ను పట్టుకున్నాడు. 1902లో కర్జన్ అదే బేరార్‌ను ఏటా 25 లక్షలకు శాశ్వత లీజు రాయించుకున్నాడు. సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అన్నారు గానీ, ఆ కంటోన్మెంట్‌లో హుకుం ఎవరిదో అందరికీ ఎరుకే. ఈ మొత్తం తారీఖ్‌లో ఎక్కడా జంగ్ చేసి గెలిచింది లేదు. అంతా దోస్తీయే. అంతా కాగితమే.

రేపు ఆస్ట్రేలియాకు అట్లా అవుతుందని నేను అనడం లేదు. జమానా వేరు, అది ఎన్నికలున్న ముల్కు, నిజాం దర్బార్ కాదు. ఆ కరారు కూడా ముద్దతు తర్వాత ఏడాది నోటీసుతో తెంచుకునే వీలున్నదే. నేను చెప్పేది ఇంతే: పిలిచిన ఫౌజును పంపడం పిలిచినంత సులువు కాదు. నిజాం ఆ సబక్ నేర్చుకునేలోగా మా జిల్లాలు పోయాయి.

ఇంకో పక్క నుంచి కూడా చూడాలి, లేకపోతే నా మాట మునాఫిక్ మాట అవుతుంది. మాల్దీవుల్లో మన సిపాయిలు ఉండేవాళ్ళు. 80 మంది దాకా. రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం నడపడానికి, రోగుల్ని దీవి నుంచి దీవికి తేవడానికి. మంచి పనే. అయినా అక్కడి అవామ్‌లో చాలామంది, ఇండియా ఔట్ అన్నారు. 2023లో ఆ నినాదం మీద ముయిజ్జు గెలిచాడు. 2024 మే 10 లోపు మన సిపాయిలు వాపసు వచ్చేశారు, వాళ్ళ జాగాలో సివిలియన్లు పోయారు. అప్పుడు మన టీవీల్లో ఎంత గుస్సా! చిన్న దీవి, ఎంత ఎహసాన్‌ఫరామోష్ అని. నేనూ మనసులో కొంచెం నొచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు? తర్వాత మా నానీ గుర్తొచ్చింది. ఎప్పుడు పోతారు అని అడిగే హక్కు ఇంటివాళ్ళది. మెహమాన్ మంచోడా చెడ్డోడా అన్నది తర్వాతి సంగతి. వాళ్ళకు ఆ హక్కు ఉంటే మనకూ ఉంది. మనకు ఉంటే వాళ్ళకూ ఉంది.

ఇక మన ఇంటి సంగతి. 2019 నవంబర్‌లో విశాఖ, కాకినాడ తీరంలో టైగర్ ట్రయంఫ్ అని మన మూడు దళాలూ, అమెరికా దళాలూ కలిసి తాలీమ్ చేశాయి. 2024 మార్చిలో మళ్ళీ, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ. తుఫాను సహాయం అని పేరు. మన కోస్తాకు తుఫాను సాధన కావాల్సిందే, హుద్‌హుద్ చూసినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చారు, రెండు వారాలు చేశారు, వెళ్ళారు. ఇది దావత్. నాకు ఏతరాజ్ లేదు. 2016లో అమెరికాతో చేసుకున్న లాజిస్టిక్స్ ఒప్పందంలో కూడా స్థావరం మాట లేదని అప్పటి రక్షణమంత్రి మనోహర్ పరీకర్ హామీ ఇచ్చాడు. సింగపూర్‌వాళ్ళ దగ్గర జమీన్ తక్కువ, అందుకని వాళ్ళ దళాలు మన కలైకుండలో, బబినాలో, దేవ్‌లాలీలో ఏళ్ళుగా తాలీమ్ చేసుకుంటున్నాయి. 2007లో, 2008లో కరార్లు రాసుకున్నారు. ఇది మనలో ఎంతమందికి తెలుసు? అందులో దాచాల్సింది ఏమీ లేకపోవచ్చు. మనం అడగనూ లేదు.

దావత్ ఎప్పుడు కాపురం అవుతుందో కనిపెట్టడం ఎట్లా? నా లెక్క చెప్తాను.

వచ్చే తారీఖ్‌తో పాటు పోయే తారీఖ్ కాగితం మీద ఉండాలి. ఆ కాగితం అవామ్ చదవగలగాలి. ఒక జట్టు పోయి ఇంకో జట్టు వచ్చే మధ్యలో సామాన్ కూడా పోవాలి. గోదాములో తోపులు మిగిలితే మెహమాన్ పోలేదన్నట్టే. ఇక్కడి మనిషికి నష్టం జరిగితే ఇక్కడి అదాలత్‌లోనే విచారణ జరగాలి. ఇక్కడి నుంచి ఎవరి మీదికైనా జంగ్‌కు పోవాలంటే మన పార్లమెంటు ముందు ఒప్పుకోవాలి, తర్వాత ఖబర్ చేయడం కాదు. వేట ఆపుకుని ఒడ్డున కూర్చునే మత్స్యకారుడికి, ఎన్ని రోజులు ఆపితే అన్ని రోజుల కూలి లెక్క కట్టివ్వాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అది తాలీమ్ కాదు, దాని పేరు ఏదైనా సరే.

ఇవి దుష్మనీ సవాళ్ళు కావు. మా నానీ అడిగినప్పుడు ఒక్క చుట్టమూ అలిగి పోలేదు. అడిగే ఇంటికే మెహమాన్ ఇజ్జత్‌తో వస్తాడు, ఇజ్జత్‌తో పోతాడు. విశాఖ, కాకినాడ ఎంపీలను ఓటు అడగటానికి వచ్చినప్పుడు మీరు అడగండి: ఆ ఓడలు మళ్ళీ ఎప్పుడొస్తాయి, ఎప్పుడు పోతాయి, ఏం వదిలిపోతాయి? జవాబ్ ఉంటే చెప్తారు. లేకపోతే తెలుసుకునైనా వస్తారు.

మా ఖాలా కొడుక్కి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. కాసేపు చుప్‌గా ఉండి, "నీ మాట సహీయే భయ్యా. కానీ అక్టోబర్ దాకా ఆగు, అప్పుడు మాట్లాడుకుందాం" అన్నాడు.

1798లో హైదరాబాద్‌లో కూడా చాలామంది అదే అనుకుని ఉంటారు.